కీలెరిగి వాత

పాఠ్యభాగ ఉద్దేశం

శరీరంలో తలెత్తే బాధకు కారణం ఆ బాధ ఉన్నచోటనే ఉండవలెనన్న నియమం లేదు. దవడ కీలు నొప్పి విషయంలో ధూమపానం ఎట్లా కంటికి కనిపించని పాత్ర వహిస్తుందో, చికిత్సను ఏ విధంగా నిష్ఫలం చేస్తుందో విద్యార్థులకు శాస్త్రీయంగా తెలియజేయడం, కారణాన్ని వెదకి నిర్ణయానికి వచ్చే ఆలోచనా విధానాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారి నోట తరచుగా వినవచ్చే సామెతలలో ‘కీలెరిగి వాత పెట్టాలి’ అనేది ఒకటి. పూర్వం పల్లెలలో మనిషికి గాని పశువుకు గాని తీరని నొప్పి కలిగినప్పుడు కాల్చిన కడ్డీతో వాత పెట్టే వాడుక ఉండేది. ఎక్కడ పడితే అక్కడ వాత పెడితే కాలిన గాయం మిగులుతుందే తప్ప నొప్పి తీరదు. బాధకు మూలం ఎక్కడ ఉన్నదో తెలిసికొన్న తరువాతనే చికిత్సకు పూనుకోవాలన్నది ఆ సామెతలోని హెచ్చరిక. వాతలు పెట్టే కాలం గతించినా ఆ హెచ్చరిక మాత్రం పాతబడలేదు. దవడ కీలు నొప్పిని గూర్చి నేటి వైద్యశాస్త్రం చెబుతున్న మాటలను పరిశీలిస్తే, ఆ సామెతకు ఇంతకంటె తగిన ఉదాహరణ దొరకదనిపిస్తుంది.

చెవి రంధ్రానికి కొంచెం ముందు భాగంలో వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే వేలి కింద ఒక ఎముక కదులుతున్నట్లు తెలుస్తుంది. అదే దవడ కీలు. కింది దవడ ఎముక చివర ఉండే గుండ్రని తల, కణత ఎముకలో ఉండే చిన్న గుంటలో అమరి ఉంటుంది. ఆ రెండు ఎముకలు ఒకదానితో ఒకటి ఒరుసుకొనకుండా వాటి నడుమ పలుచని బిళ్ళ వంటి మృదులాస్థి మెత్తగా పరచుకొని ఉంటుంది. దాని చుట్టూ జిగటగా ఉండే ద్రవం కందెనవలె పనిచేస్తుంది. ఈ బిళ్ళ మధ్యభాగంలో రక్తనాళాలు లేవు. దానికి కావలసిన పోషణ అంతా ఆ ద్రవం నుండి అందవలసినదే. అందువల్ల ఒకసారి దెబ్బతిన్న బిళ్ళ తిరిగి బాగుపడడం చాల కష్టం.

శరీరంలోని తక్కిన కీళ్ళకు లేని విశేషాలు రెండు ఈ కీలుకు ఉన్నాయి. మోకాలు, మోచేయి తలుపు బందువలె ముఖ్యంగా ఒకే దిశలో మడతపడతాయి. దవడ కీలు మొదట బందువలె తిరుగుతుంది. నోరు మరింత తెరచినప్పుడు ముందుకు జారుతుంది కూడా. ఇది మొదటి విశేషం. కుడి, ఎడమ వైపుల ఉన్న రెండు కీళ్ళూ ఒకే ఎముకకు రెండు కొనలు కాబట్టి ఒకటి కదిలితే రెండవది కదలక తప్పదు. ఇది రెండవ విశేషం. కాలు బెణికితే నాలుగు రోజులు మంచం మీద ఉండవచ్చు. దవడకు అటువంటి విశ్రాంతి లేదు. మాట్లాడడానికి, నమలడానికి, ఆవులించడానికి, చివరకు లాలాజలం మింగడానికి కూడా అది పనిచేస్తూనే ఉండాలి. ఆరోగ్యవంతుడు నోరు బాగా తెరచినప్పుడు పై పళ్ళకు, కింది పళ్ళకు నడుమ తన చేతి మూడు వేళ్ళు నిలువుగా పట్టడం సాధారణం. కొలతలో చెప్పాలంటే అది సుమారు 40 మిల్లీమీటర్లు.

ఈ కీలులోను, దానిని నడిపే కండరాలలోను కలిగే బాధలనన్నింటినీ కలిపి వైద్యులు దవడ కీలు రుగ్మతలని వ్యవహరిస్తారు. ఇవి ముఖ్యంగా మూడు విధాలు. నమలడానికి తోడ్పడే కండరాలు బిగుసుకొని నొప్పి పెట్టడం మొదటిది. కీలులోని బిళ్ళ తన చోటు నుండి పక్కకు తొలగడం రెండవది. ఎముకల కొనలు అరిగి కీళ్ళవాతం ఏర్పడడం మూడవది. నమిలేటప్పుడు నొప్పి, చెవిపోటు వంటి బాధ, కణతలలో తలనొప్పి, ఉదయం లేచేసరికి దవడ బిగుసుకొని ఉండడం, నోరు తెరచినప్పుడు టక్కుమనే శబ్దం దీని లక్షణాలు. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే వస్తున్నప్పుడు సాధారణంగా చికిత్స అవసరం ఉండదు. అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ అంచనా ప్రకారం జనాభాలో నూటికి 5 నుండి 12 మంది ఈ రుగ్మతలకు లోనవుతున్నారు. పురుషులలో కంటె స్త్రీలలోను, వృద్ధులలో కంటె యౌవన, మధ్య వయస్కులలోను ఇవి ఎక్కువ.

ఈ నొప్పికి మూలమేదో తెలిసికొనడానికి వైద్యశాస్త్రానికి చాల కాలం పట్టింది. 1934వ సంవత్సరంలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కోస్టెన్ ఈ లక్షణాలనన్నింటినీ ఒకచోట చేర్చి వర్ణించాడు. పళ్ళు ఊడిపోవడం వల్ల దవడ లోపలికి కుంగి, కీలు మీద ఒత్తిడి పడుతున్నదని ఆయన భావించాడు. ఆ అభిప్రాయాన్ని అనుసరించి కొన్ని దశాబ్దాలపాటు దంతవైద్యులు పళ్ళను అరగదీసి, కట్టుడు పళ్ళు అమర్చి, పైపళ్ళు కిందిపళ్ళు కలిసే తీరును మార్చి నొప్పిని పోగొట్టడానికి ప్రయత్నించారు. అరగదీసిన పన్ను తిరిగి పెరగదు. ఎందరికో పళ్ళు అరిగాయి గాని నొప్పి అరగలేదు. కీలెరుగక పెట్టిన వాతలంటే అటువంటివే. తరువాతి పరిశోధనలు ఈ నొప్పికి ఏకైక కారణం లేదని, దెబ్బలు, మానసిక ఒత్తిడి, నిద్రలేమి, పళ్ళు బిగబట్టే అలవాటు, నాడీమండలం నొప్పిని గ్రహించే తీరు ఇవన్నీ కలిసి దానిని కలిగిస్తాయని తేల్చాయి. ఆ కారణాల జాబితాలో నెమ్మదిగా వచ్చి చేరినదే ధూమపానం.

2006వ సంవత్సరంలో అమెరికాలో ఒక విస్తృత పరిశీలన ప్రారంభమయింది. అప్పటికి దవడ నొప్పి లేని రెండువేల ఏడువందల మందికి పైగా స్త్రీ పురుషులను ఎన్నుకొని, వారిలో కొత్తగా ఎవరికి ఈ నొప్పి వస్తున్నదో కొన్ని సంవత్సరాలపాటు గమనించారు. వారంతా 18 నుండి 44 ఏండ్ల లోపు వయస్సువారు. పొగతాగే అలవాటు ఉన్నవారిలో ఈ నొప్పి ఎక్కువగా తలెత్తినట్లు ఆ పరిశీలనలో వెల్లడి అయింది. నొప్పితో ఆసుపత్రులకు వచ్చినవారిని పరీక్షించిన మరికొన్ని పరిశీలనలలో, పొగతాగేవారు తమ నొప్పి తీవ్రతను ఇతరుల కంటె ఎక్కువగా చెప్పడం, వారి నిద్ర మరింత చెడి ఉండడం కనిపించింది. అయితే ఇక్కడ ఒక మెలకువ అవసరం. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని నిర్ధారించరాదు. పొగతాగే వారందరికీ దవడ నొప్పి రాదు. ఆ అలవాటు లేనివారికి రాదనీ చెప్పలేము. మానసిక ఒత్తిడి ఉన్నవారే పొగకు అలవాటు పడి ఉండవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు గణాంకాలతో ఆగిపోక, పొగ శరీరంలో ఏమి చేస్తుందో కూడా పరిశీలించారు.

పొగ చేసే మొదటి హాని రక్తప్రసరణకు. పొగలోని నికోటిన్ సన్నని రక్తనాళాలను కుదిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకొంటుంది. ఫలితంగా కండరాలకు అందవలసిన ప్రాణవాయువు తగ్గుతుంది. రోజంతా పనిచేసే దవడ కండరాలు త్వరగా అలసి, ఆలస్యంగా కోలుకొంటాయి. మొదటి నుండీ పోషణ అంతంత మాత్రమే అయిన కీలుకు ఇది దరిద్రంలో అధికమాసం వంటిది. రెండవ హాని వాపునకు సంబంధించినది. పొగలోని విషపదార్థాలు శరీరమంతటా వాపును ప్రేరేపించే రసాయనాలను పెంచుతాయి.

మూడవ హాని నిద్రకు. నికోటిన్ ఉత్తేజకం. నిద్ర పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. పట్టిన నిద్రను పలుచన చేస్తుంది. నిద్రలో పళ్ళు పటపట కొరికే అలవాటు పొగతాగేవారిలో ఇతరుల కంటె సుమారు రెట్టింపు ఉన్నట్లు కెనడా శాస్త్రజ్ఞులు 1997వ సంవత్సరంలో ప్రకటించారు. పగలు ఆహారాన్ని నమిలేటప్పుడు దవడకు ఎంత పని పెట్టాలో మనిషికి తెలుస్తుంది. నిద్రలో ఆ అదుపు ఉండదు. రాత్రంతా బిగిసిన దవడ ఉదయానికి నొప్పితో మేల్కొంటుంది. నొప్పి వల్ల మరునాటి నిద్ర మరింత చెడుతుంది.

నాలుగవ హాని అన్నింటికంటె మోసకరమైనది. పీల్చిన పొగలోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. ఆ కొద్దిసేపు నొప్పి కొంత మొద్దుబారినట్లు అనిపిస్తుంది. కాని సుమారు రెండు గంటలలో రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గిపోతుంది. అప్పుడు చిరాకు, ఆందోళన, కండరాల బిగువు మొదలవుతాయి. నొప్పిని గ్రహించే శక్తి మరింత పదునెక్కుతుంది. ‘సిగరెట్టు కాలిస్తే నొప్పి తగ్గింది’ అని అతడనుకొంటాడు. నిజానికి తగ్గిన బాధలో చాల భాగం అంతకు ముందు సిగరెట్టు తెచ్చిపెట్టినదే. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసేవాడు ఆ పూటకు గండం గడిచిందనే అనుకొంటాడు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ స్థితి ఎట్లా ఉంటుందో తెలియడానికి జూనియర్ కళాశాలలో చదివే ఒక యువకుడిని ఊహించుకొనవచ్చు. పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రివేళ పుస్తకం ముందు కూర్చొని తెలియకుండానే పళ్ళు బిగబడుతున్నాడు. నిద్ర ఆపుకొనడానికి స్నేహితులు నేర్పిన సిగరెట్టు రోజుకొకటిగా మొదలై ఐదారుకు చేరింది. కొన్నాళ్ళకు అన్నం ముద్ద నమలాలన్నా చెవి ముందు పోటు. తల్లి అతనిని దంతవైద్యుని వద్దకు తీసికొనిపోయింది. “పొగతాగే అలవాటు ఏమైనా ఉన్నదా బాబూ?” అని వైద్యుడు అడిగాడు. పక్కన తల్లి నిలబడి ఉన్నది. “లేదండీ” అని అతడు తల దించుకొన్నాడు. వైద్యుడు మాత్రలు రాసి, వ్యాయామాలు నేర్పి, రాత్రివేళ పళ్ళకు పెట్టుకొనే తొడుగు చేయించాడు. నెల గడిచినా గుణం కనిపించలేదు. మందు పనిచేయలేదని తల్లి బాధపడింది. వైద్యుడు తన నిర్ణయాన్నే సందేహించాడు. నిజం తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు నోరు విప్పలేదు.

రెండవసారి వైద్యుడు తల్లిని బయట కూర్చోమని, అదే ప్రశ్నను మళ్ళీ అడిగాడు. యువకుడు చాలసేపు మౌనంగా ఉండి చివరకు ఒప్పుకొన్నాడు. “నిన్ను మందలించడానికి అడగలేదు బాబూ. నీవు దాచినది నాకు తెలియనంతకాలం నేను చేసే వైద్యం గుడ్డివాడు వేసే బాణమే” అన్నాడు వైద్యుడు. ఆ రోజుతో నొప్పి పోలేదు. కాని వాత పెట్టవలసిన కీలు దొరికింది. ఇటువంటి సన్నివేశం ఏ ఊరిలోని ఏ దంతవైద్యశాలలోనైనా జరగగలదే. ఇంటివారి పట్ల భయం, సిగ్గు రోగి చేత అబద్ధమాడిస్తాయి. ఆ అబద్ధం ఖరీదు రోగి శరీరమే చెల్లిస్తుంది.

దవడ కీలు నొప్పికి నేడు చేసే చికిత్స చాలవరకు సులభమైనది. గట్టి పదార్థాలు మాని మెత్తని ఆహారం తీసికొనడం, వేడి కాపడం పెట్టడం, పెదవులు కలిసి ఉన్నా పళ్ళు ఎడంగా ఉండేటట్లు చూచుకొనడం, నోటిని మెల్లగా తెరచి మూసే వ్యాయామాలు చేయడం మొదటి మెట్టు. కొద్దిరోజులపాటు నొప్పి మాత్రలు అవసరం కావచ్చు. 2023వ సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలంగా ఉన్న దవడ నొప్పికి, ఆలోచనలను అలవాట్లను మార్చే మానసిక చికిత్సకు, నిపుణుల పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలకు ప్రాధాన్యమిచ్చాయి. కీలులోని బిళ్ళను తొలగించే శస్త్రచికిత్స వంటి, తిరిగి సరిదిద్దరాని చర్యలను వద్దని గట్టిగా చెప్పాయి. కొందరికి సన్నని సూదులతో కీలు లోపలి భాగాన్ని కడిగే పద్ధతి ఉపకరిస్తుంది. ఈ పద్ధతిని గూర్చిన తొలి నివేదిక 1991వ సంవత్సరంలో వెలువడింది. శస్త్రచికిత్స అవసరమయ్యేది బహు కొద్దిమందికి మాత్రమే.

ఈ మెట్లలో ప్రతిదానికీ పొగ అడ్డుపడుతుంది. వ్యాయామం కండరానికి రక్తాన్ని రప్పించాలని చూస్తే నికోటిన్ రక్తనాళాన్ని కుదిస్తుంది. మానసిక చికిత్స ప్రశాంతతను నేర్పితే నికోటిన్ కొరత గంట గంటకు ఆందోళనను మేల్కొలుపుతుంది. నొప్పి మాత్రలలో పెక్కు కడుపులో పుండ్లకు కారణం కాగలవు. పొగ ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. శస్త్రచికిత్స తప్పనిసరి అయినప్పుడు పొగతాగేవారి గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది, మత్తుమందు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల ఇబ్బందులు అధికమవుతాయి. శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందు పొగ మానివేసినవారికి ఇటువంటి చిక్కులు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరంలో ప్రకటించింది. ఒక చేత్తో నీరు పోస్తూ మరొక చేత్తో కుండకు చిల్లు పొడిచినట్లు, పొగతాగుతూ చేయించుకొనే చికిత్స ఎంత మంచిదైనా నిలవదు.

పొగ మానడంలో కూడా కీలెరిగి మెలగవలసిన సందర్భం ఒకటి ఉన్నది. ఈ అలవాటును మాన్పించడానికి నికోటిన్ చూయింగ్ గమ్ విరివిగా వాడుకలో ఉన్నది. తక్కినవారికి మేలు చేసే ఆ గమ్, దవడ కీలు నొప్పి ఉన్నవారికి తగినది కాదు. గంటల తరబడి నమలడం వల్ల నొప్పి పెరుగుతుంది. అటువంటివారికి చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీలు గాని, వైద్యుడు సూచించే ఇతర మందులు గాని మేలు. మానిన మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం సహజం. నొప్పి కూడా ఎక్కువైనట్లు అనిపించవచ్చు. దానిని చూచి చాలమంది ‘మానితేనే నొప్పి పెరిగింది’ అని మళ్ళీ పాతదారి పడతారు. ఆ లక్షణాలు రెండు నుండి నాలుగు వారాలలో చాలవరకు తగ్గుతాయని ముందుగానే తెలిసినవాడు ఆ గండాన్ని దాటగలుగుతాడు. చివరి సిగరెట్టు కాల్చిన కొద్ది గంటలలోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ తగ్గుముఖం పడుతుంది. శరీరం తన ఇంటిని తాను చక్కదిద్దుకొనడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మానదలచినవారికి సలహా ఇవ్వడానికి భారత ప్రభుత్వం 2016వ సంవత్సరంలో 1800-11-2356 సంఖ్యతో ఉచిత టెలిఫోన్ సేవను ప్రారంభించింది.

తెలుగునాటికి పొగాకుతో ఉన్న అనుబంధం నిన్న మొన్నటిది కాదు. రాజమహేంద్రవరంలో 1947వ సంవత్సరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976వ సంవత్సరంలో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం చేత చుట్టను పొగిడించి నవ్వు పుట్టించాడు. గిరీశం మాటలకు నవ్వవచ్చు గాని వాటిని అనుసరించరాదు. ఉత్తరాంధ్ర తీరంలోని పల్లెలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట వెలిగించిన కొనను నోటి లోపల ఉంచుకొని పీల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. దానినే అడ్డపొగ అంటారు. నోటిలోని నిప్పు నేరుగా అంగిలిని కాలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పదివేల నూట అరవైతొమ్మిది మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో ఏర్పడే మచ్చలను, పుండ్లను వర్ణించిన నివేదిక 1971వ సంవత్సరంలో వెలువడింది. ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు గుర్తించారు.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన భేదం ఒకటి ఉన్నది. నోరు తెరుచుకొనకపోవడం అన్నివేళలా కీలు దోషమే కాదు. వక్క, వక్కతో చేసిన గుట్కా, పాన్ మసాలా అదే పనిగా నమిలేవారికి బుగ్గల లోపలి పొర నారవలె గట్టిపడి, మూడు వేళ్ళు పట్టే నోరు క్రమంగా రెండు వేళ్ళకు, ఒక వేలికి కుంచించుకొనిపోతుంది. కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. ఇది క్యాన్సర్‌కు దారితీయగల వ్యాధి. దీనిని కీలు నొప్పి అనుకొని మాత్రలు మింగుతూ కాలం గడిపితే అత్యవసరమైన చికిత్సకు సమయం మించిపోతుంది. మానని పుండు, తెల్లని మచ్చ, రోజురోజుకు తగ్గుతున్న నోటి వెడల్పు కనిపిస్తే దంతవైద్యుని వెంటనే సంప్రదించాలి. అద్దం ముందు నిలిచి మూడు వేళ్ళతో చేసుకొనే పరీక్షకు ఖర్చు లేదు.

2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలోని పెద్దలలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వారిలో పొగతాగేవారి కంటె నమిలేవారే ఎక్కువ. 2003వ సంవత్సరపు చట్టం పద్దెనిమిది ఏండ్ల లోపువారికి పొగాకు అమ్మడాన్ని, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మడాన్ని నిషేధించింది. 2008వ సంవత్సరం అక్టోబరు 2వ తేదీ నుండి బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం పటిష్ఠంగా అమలులోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ సిగరెట్టు వల్ల హాని లేదనుకొనే యువకులు, అందులోనూ నికోటిన్ ఉంటుందని మరువరాదు. వాటి అమ్మకాన్ని 2019వ సంవత్సరంలో దేశమంతటా నిషేధించారు. అయినా చట్టం అంగడి వరకే రాగలదు. జేబులోని పెట్టెను బయట పడవేయవలసినది జేబు గలవాడే.

దవడ కీలు చాల చిన్నది. దానికి బాధ కలిగినప్పుడుగాని మనిషికి దాని ఉనికి తెలియదు. అయినా తల్లిని పిలిచే మాట, స్నేహితునితో పంచుకొనే నవ్వు, ఆకలి తీర్చే ముద్ద అన్నీ దాని దయవల్లనే సాగుతున్నాయి. పొగ ఆ కీలును ఒక్కదానినే బాధించదు. గుండెను, ఊపిరితిత్తులను, రక్తనాళాలను ఒకేసారి బాధిస్తుంది. కాబట్టి పొగ మానడమనే ఒక్క చికిత్స అన్నింటికీ మేలు చేస్తుంది. వైద్యుని ముందు నిజం చెప్పడం ఆ చికిత్సకు తొలిమెట్టు. కీలు చూపవలసినవాడు రోగి. వాత పెట్టవలసినవాడు వైద్యుడు. ఇద్దరూ కలిసినప్పుడే సామెత సార్థకమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

వాత = కాల్చిన కడ్డీతో పెట్టే గుర్తు
కణత = కంటికి, చెవికి నడుమ ఉండే తల భాగం
మృదులాస్థి = మెత్తని ఎముక
కందెన = ఒరపిడి తగ్గించే జిడ్డు పదార్థం
రుగ్మత = వ్యాధి
ఉత్తేజకం = చురుకుదనం కలిగించేది
నిష్ఫలం = ఫలితం లేనిది
అంగిలి = నోటి లోపలి పైభాగం
దరిద్రంలో అధికమాసం = ఉన్న కష్టానికి తోడుగా వచ్చిపడిన మరొక కష్టం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ధూమపానం దవడ కీలుకు ఏయే విధాలుగా హాని కలిగిస్తుందో వివరించండి.
2. దవడ కీలు నొప్పికి చేసే చికిత్సను, దానికి పొగ ఎట్లా అడ్డుపడుతుందో తెల్పండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. దవడ కీలుకు గల రెండు విశేషాలను పేర్కొనండి.
2. జేమ్స్ కోస్టెన్ అభిప్రాయం ఏమిటి? దానిని అనుసరించడం వల్ల కలిగిన నష్టమేమి?
3. ‘సిగరెట్టు కాలిస్తే నొప్పి తగ్గింది’ అనుకొనడం ఎందుకు పొరపాటు?
4. యువకుడు వైద్యునితో అబద్ధమాడడానికి కారణమేమి? దాని ఫలితాన్ని చర్చించండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నోటి వెడల్పును తెలిసికొనడానికి చేసుకొనే సులభ పరీక్ష ఏది?
2. దవడ నొప్పి ఉన్నవారికి నికోటిన్ చూయింగ్ గమ్ ఎందుకు తగదు?
3. అడ్డపొగ అనగా నేమి?
4. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నది?

IV. భాషాంశాలు

సంధులు
కీలెరిగి = కీలు + ఎరిగి – ఉత్వ సంధి
పొగాకు = పొగ + ఆకు – అత్వ సంధి
మృదులాస్థి = మృదుల + అస్థి – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు
ధూమపానం – ధూమము యొక్క పానం – షష్ఠీ తత్పురుష సమాసం
శస్త్రచికిత్స – శస్త్రముచేత చికిత్స – తృతీయా తత్పురుష సమాసం
మూడు వేళ్ళు – మూడైన వేళ్ళు – ద్విగు సమాసం
స్త్రీ పురుషులు – స్త్రీలును, పురుషులును – ద్వంద్వ సమాసం

V. ‘కీలెరిగి వాత పెట్టాలి’ అనే సామెతకు మీ ఊరిలో గాని, మీ కళాశాలలో గాని మీరు గమనించిన ఒక ఉదాహరణను తీసికొని పది వాక్యాలలో రాయండి.